కలుపు, కలుపు గుణం

రైతు వేయకపోయినా పైరుతో పాటు మొలిచి, పైరుకు దక్కాల్సిన నీరు, ఎరువు, వెలుతురు పంచుకునే మొక్కను కలుపు అంటారు. తెలుగులో ఇది నామవాచకమే అయినా వాడుకలో విశేషణంలా నడుస్తుంది: కలుపు మొక్క, కలుపు గడ్డి, కలుపు వరి, కలుపు మందు. ఇంగ్లీషులో ఇదే పనికి ‘వీడ్’ నుంచి పుట్టిన ‘వీడీ’ అనే విశేషణం ఉంది. ఈ రెండు మాటల అర్థాలు, చరిత్ర, అవి సూచించే మొక్కల తీరు ఈ వ్యాసంలో ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా కృష్ణా డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న భట్టిప్రోలు ప్రాంతపు పొలాలవి. సార్వా వరి, దాని వెంటే మినుము లేదా మొక్కజొన్న పండే ఈ నేలలో కలుపు ఎన్ని రూపాల్లో ఉంటుందో స్పష్టంగా కనిపిస్తుంది.

మాట పుట్టుకపై రెండు వివరణలు ఉన్నాయి. పైరులో కలిసిపోయి పెరుగుతుంది కనుక ‘కలియు’ నుంచే ‘కలుపు’ వచ్చిందన్నది జనంలో ఎక్కువగా వినిపించేది. సోదర భాషలను పక్కన పెట్టి చూస్తే ఇంకో దారి తోస్తుంది. తమిళంలో కలుపును ‘కళై’ అంటారు, పీకివేయడానికీ అదే మాట. కన్నడంలో ‘కళె’, మలయాళంలో ‘కళ’. తమిళ ‘కళ్’ తెలుగులో ‘కల్లు’, ‘ముళ్’ ‘ముల్లు’ అయినట్టే ఇక్కడా ళకారం లకారమైందనుకుంటే కలుపు అంటే ‘పీకివేయదగినది’ అవుతుంది. పొరుగు భాషల మాటల్లో కలపడమనే అర్థం లేదు కనుక ఈ రెండో వివరణే బలంగా కనిపిస్తుంది. మొదటిది తర్వాత జనం చెప్పుకున్న అన్వయం కావచ్చు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ బయటపెట్టిన శాసనాలు ఎంత పాతవైనా ఈ విషయంలో సాయపడవు. వాటి భాష ప్రాకృతం.

ఇంగ్లీషు ‘వీడీ’ 15వ శతాబ్ది తొలి నాళ్లలో ‘కలుపు నిండిన’ అనే అర్థంతో కనిపిస్తుంది. 1800 ప్రాంతంలో గుర్రాల బేరగాళ్లు బక్కచిక్కిన, పందేనికీ ఈనికకూ పనికిరాని గుర్రాన్ని ఇలా అనడం మొదలుపెట్టారు. 19వ శతాబ్ది మధ్యకు అదే మాట సన్నగా, పీలగా ఉండే మనిషికీ అంటుకుంది. విధవరాలి నల్ల దుస్తులను ఇంగ్లీషులో ‘వీడ్స్’ అనడం మాత్రం వేరే మాట. దాని మూలం వస్త్రానికి పాత పేరు, మొక్కలతో సంబంధం లేదు. తెలుగు ఉపమానం ఇంగ్లీషు ‘వీడీ’కి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. ఇక్కడ మనిషిని కలుపు మొక్క అంటే పీలవాడని కాదు, చుట్టూ ఉన్నవారి బలం తాగి ఏపుగా పెరిగినవాడని. పార్టీల్లో, సంఘాల్లో కలుపు ఏరివేత అనే మాట ఈ అర్థంలోనే వినిపిస్తుంది. పొలంలో కలుపును చూసినవారికి తెలుగు వాడుకే నిజానికి దగ్గరగా తోస్తుంది.

శాస్త్రంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఉండకూడని చోట ఉన్న ఏ మొక్క అయినా కలుపేనన్నది పాత నిర్వచనం. మినుములో మొలిచిన వరి దుబ్బు ఈ లెక్కన కలుపే. దీనికి భిన్నంగా వృక్షశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ బేకర్ 1965లో కలుపుకు సొంత లక్షణాలు ఉంటాయన్నాడు: త్వరగా పూతకు రావడం, విత్తనం విస్తారంగా రాల్చడం, ఆ విత్తనం ఒక్కసారిగా మొలవకుండా ఏళ్ల తరబడి నేలలో నిద్రపోవడం, ఎలాంటి నేలలోనైనా బతకడం. వృక్షశాస్త్రం ‘వీడీ’ అనేది ఈ కలుపు గుణాన్నే. అదే ఏడాది హార్లాన్, డి వెట్ అనే శాస్త్రవేత్తలు మనిషి కదిలించిన నేలతో ముడిపెట్టి కలుపును వివరించారు. డెల్టా పొలాలకు ఈ మూడో చూపు బాగా నప్పుతుంది. ఇక్కడ సాగు పద్ధతి మారినప్పుడల్లా కలుపు జాబితా మారింది.

ఆ మార్పుల్లో పెద్దది కాలువ నీరు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు నిలకడగా నీరు అందింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. దమ్ము చేసి నీరు నిలిపిన చేలో మెట్ట కలుపు చాలావరకు చచ్చిపోతుంది. తడిని ఇష్టపడే ఊద, రకరకాల తుంగలు, గుంటగలగర, అగ్నివేంద్రపాకు మిగులుతాయి. నాటు వరిలో నీళ్లే మొదటి కలుపు మందు. నారు మొక్క ముందుగా నిలబడి ఉంటుంది, కలుపు విత్తనం నీటి కింద మొలవాలి. కూలీలు దొరక్క, కాలువ నీరు ఆలస్యమై ఇటీవలి ఏళ్లలో వెదజల్లే సాగు పెరిగిన చోట్ల ఈ రక్షణ పోయింది. వరీ కలుపూ ఒకే రోజు, ఒకే ఎత్తులో బతుకు మొదలుపెడతాయి.

వీటిలో ఊదది ప్రత్యేకమైన కథ. పూత రాకముందు దాన్ని వరి నుంచి విడదీయడం కొత్తవారికి కష్టం. వరి ఆకు మొదట్లో చిన్న పొర, చెవుల్లాంటి నూగు కొనలు ఉంటాయి, ఊదకు అవి ఉండవు. అలవాటైన కూలీ చేయి మాత్రం చూడకుండానే పట్టేస్తుంది. వేల ఏళ్లుగా మనిషి తేడాగా కనిపించిన వాటినే పీకుతూ వచ్చాడు కనుక వరిలా కనిపించినవే మిగిలి విత్తనం కట్టాయి. రష్యన్ శాస్త్రవేత్త వవిలోవ్ పేరు మీద ఈ అనుకరణను పిలుస్తారు. చైనా, జపాన్ వరి పొలాల్లోని ఊద జాతుల్లో ఇది మరీ స్పష్టం. ఆ ఊద గడ్డికి దగ్గరి బంధువే సిరిధాన్యాల దుకాణంలో ఊదలుగా అమ్మే గింజ. భారతదేశపు సాగు ఊద పొలాల్లోని అడవి ఊద నుంచే వచ్చిందని సాధారణంగా అంగీకరిస్తారు.

కలుపు వరి ఇంకా చిక్కైనది, ఎందుకంటే అది వరే. గింజ పక్వానికి రాకముందే రాలిపోవడం, చాలావాటిలో బియ్యం ఎర్రగా ఉండడం, రాలిన గింజ నేలలో నిద్రపోవడం దాని గుర్తులు. వరిని చంపకుండా దీన్ని మాత్రమే చంపే మామూలు మందు ఉండదు. విత్తనపు చేలలో తేడా మొక్కలను కేళీలు అంటారు. కేళీలన్నీ కలుపు వరి కాకపోయినా ఏరివేతలో రెంటికీ ఒకే మర్యాద. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, వంటి సన్న రకాల్లో ఎర్ర గింజ కలిస్తే మిల్లులో ధర పడిపోతుంది.

డెల్టాకు నిజంగా సొంతమైన కలుపు సమస్య వరి తర్వాతి మినుములో ఉంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నవంబరు, డిసెంబరు నెలల్లో, నిలిచి ఉన్న వరిలోనే మినుము చల్లుతారు. దున్నడం ఉండదు, తడి కట్టడం ఉండదు. నేలలో మిగిలిన పదును, మంచుతోనే పంట చేతికొస్తుంది. ఖర్చు తక్కువైన ఈ పద్ధతికి అసలు బలహీనత కలుపు. దుక్కి లేదు కనుక వరిలో తప్పించుకున్న ఊద మినుములోనూ నిలుస్తుంది. విత్తేటప్పుడు వరి నిలబడి ఉంటుంది కనుక మొలకకు ముందు వాడాల్సిన పెండిమిథాలిన్ పిచికారీ చేయడం కుదరదు. వరి పనలు తీశాక ఇసుకలో కలిపి చల్లమని అందుకే చెబుతారు.

ఆ మినుములో అన్నింటికన్నా భయపెట్టేది బంగారు తీగ. దీనికి ఆకు లేదు, పచ్చదనం దాదాపు లేదు. మొలకెత్తిన కొద్ది రోజుల్లోనే ఒక మొక్కను అందుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. అందుకుంటే కాండానికి చుట్టుకుని పీల్చే పీకలు లోపలికి దించుతుంది, నేలతో తెగతెంపులు చేసుకుని మినుము రసం మీదే బతుకుతుంది. పొలంలో పసుపు దారం పరచినట్టు మచ్చలు మచ్చలుగా వ్యాపిస్తుంది. ఏ జాతి అన్నదానిపై రాతల్లో పొందిక లేదు. కొందరు కస్క్యుటా చైనెన్సిస్ అని, కొందరు కస్క్యుటా కాంపెస్ట్రిస్ అని రాస్తారు. రెండూ చాలా పోలికగలవి. గట్టి పొట్టు వల్ల విత్తనం పదేళ్లకు పైగా నేలలో బతికే ఉంటుంది. మినుము విత్తనంతో, పశువుల పేడతో ఊరు మారుతుంది. గింజ మినుముకన్నా బాగా చిన్నది కనుక జల్లెడ పట్టడం చవకైన రక్షణ. తీగ కనిపించిన చోట పూతకు ముందే మినుముతో సహా పీకి, పొలం బయట తగలబెట్టాలి. తెంపిన తీగ ముక్కను గట్టున పడేస్తే మళ్లీ అంటుకుంటుంది. గడ్డి జాతి పైర్లను ఇది పట్టదు, అందువల్ల మొక్కజొన్న, జొన్న వేసిన ఏడాది దీనికి పస్తే.

2005-06 ప్రాంతంలో తెగుళ్లు మినుమును దెబ్బతీశాక, దున్నకుండా మొక్కజొన్న వేయడం గుంటూరు డెల్టాలో వేగంగా వ్యాపించింది. అక్కడ వరి కొయ్యకాళ్ల నుంచి వచ్చే పిలకలూ కలుపే. నిన్నటి పైరు నేటి కలుపవుతుంది.

కలుపు తీత ఈ ప్రాంతంలో మొదటి నుంచీ ఎక్కువగా ఆడకూలీల పని. జానపద సాహిత్యంలో కలుపు పాటలు నాట్ల పాటల పక్కనే ఒక వర్గంగా నిలవడానికి కారణం అదే. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు శ్రమ గేయాలను శాస్త్రీయంగా చర్చించే నాటికి ఈ పాట ఇంకా పొలంలో ఉంది. బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్, ఆ తర్వాత బిస్‌పైరిబాక్ సోడియం వంటి మందులు వచ్చాక తీత తగ్గింది, పాట దాదాపు పోయింది.

పొలం దాటితే కాలువల్లో గుర్రపుడెక్క, తూడు. దక్షిణ అమెరికా నీటి మొక్క అయిన గుర్రపుడెక్క 19వ శతాబ్ది చివర బెంగాలుకు, పూల అందం కోసమే వచ్చిందంటారు. మురుగు కాలువల్లో ఇది పేరుకుంటే వానకాలంలో నీరు వరి మీదికి ఎక్కుతుంది.

గట్ల మీది వయ్యారిభామ రాకపై ఒక ప్రచారం బాగా పాతుకుపోయింది: అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం కింద దిగిన గోధుమలతో వచ్చిందని. పూణేలో దీన్ని గుర్తించింది 1955లో. భారత్, అమెరికాల మధ్య ఆ గోధుమల ఒప్పందం 1956 ఆగస్టులో కుదిరింది. తేదీలు చూస్తే గోధుమ దీన్ని విస్తరింపజేసి ఉండవచ్చు గానీ మొదట తెచ్చిందనడం కష్టం. 19వ శతాబ్ది తొలి నాళ్ల కలకత్తా ఉద్యానవన జాబితాలోనే ఈ పేరు ఉందని వృక్షశాస్త్రజ్ఞులు చూపుతారు. దీన్ని తినే మెక్సికో పెంకు పురుగును 1984 ప్రాంతంలో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో పని చేస్తుంది, ఎండలకు నేలలో దాక్కుంటుంది.

కలుపుగా పీకేవాటిలో పొన్నగంటి కూర వంటింటికి, గరిక వినాయక చవితి పత్రికి, తుంగముస్తలు మందుల కొట్టుకు వెళ్తాయి. ఇక కలుపును చంపే రసాయన మందుల వాడకంపై ఆంక్షలు ఆలస్యంగా వచ్చాయి. గ్లైఫోసేట్ అనే కలుపు మందుపై తెలుగు రాష్ట్రాలు 2018లో పరిమితులు విధించాయి. 2022 అక్టోబరులో కేంద్రం, తెగుళ్ల నివారణ ఆపరేటర్లు తప్ప ఇతరులు దాన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.