వెనుక టై రాడ్

కారు వెనుక చక్రం పక్కచూపులు చూడకుండా సూటిగా పట్టి ఉంచే సన్నటి కడ్డీ వెనుక టై రాడ్. టో లింక్ అన్నా ఇదే. ముందు టై రాడ్ స్టీరింగ్‌తో పాటు కదులుతుంది. వెనుకదాని ఒక కొస సబ్‌ఫ్రేమ్‌కు, రెండో కొస చక్రం హబ్‌ను మోసే భాగానికి బిగిసి ఉంటుంది. ఆక్టేవియా ఆర్‌ఎస్, ఎక్స్‌యూవీ700 వంటి మల్టీలింక్ సస్పెన్షన్ కార్ల సంగతి ఇది. స్విఫ్ట్, పోలోలకు వెనుక ట్విస్ట్ బీమ్ ఉంటుంది కాబట్టి వాటికి ఈ రాడ్ కొనడం దండగ.

కంపెనీ రాడ్ చివర్లలో రబ్బరు బుష్‌లుంటాయి. మలుపులో వేగంగా తిప్పినప్పుడు బుష్ నలిగి చక్రం దిశ కొంచెం మారుతుంది, కారు వెనుక భాగం జారినట్టవుతుంది. అందుకే వేగం కోరేవారు పొడవు సరిచేసుకోగల గట్టి రాడ్ వేయిస్తారు. దాని రెండు కొసలకూ ఎదురెదురు మరలుంటాయి. నడుమ గొట్టాన్ని తిప్పితే పొడవు మారుతుంది, లాక్ నట్ దాన్ని నిలబెడుతుంది. పొట్టి స్ప్రింగులతో కారును కిందికి దించినవారికి ఇది మరీ అవసరం. బాడీ దిగితే చక్రాల కోణాలు మారి, టైరు లోపలి అంచు అరుగుతుంది.

చక్రం దిశలో అర డిగ్రీ తేడా చిన్నదేం కాదు. అలా తిరిగిన చక్రం కిలోమీటరుకు సుమారు 8.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినంతగా అరుగుతుంది. హైదరాబాద్ నుంచి నల్గొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా దాదాపు 100 కిలోమీటర్లు. ఊరు చేరేసరికి ఆ ఈడ్పు 870 మీటర్లు!

రేస్ కార్లలో రబ్బరుకు బదులు లోహపు గుండు కీళ్లు వాడతారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తింది మూసేసిన దారిలో, ఒక్క పందెం కోసం. మన కారు అలా కాదు. నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి దిగి ఊళ్లలోకి మళ్లితే ఎర్రమట్టి దుమ్ము, స్పీడ్ బ్రేకర్లు. ఇసుక దూరిన కీలు కొన్నాళ్లకే టకటకమంటుంది. రోజూ తిరిగే కారుకు రబ్బరు బుష్ ఉన్న అడ్జస్టబుల్ రాడే సరైనది. గుండు కీలే కావాలంటే దుమ్ము తొడుగు తప్పనిసరి.

రాడ్ మార్చేటప్పుడు పాతదాని పొడవు కొలిచి కొత్తదాన్ని అంతే పెట్టాలి. చక్రాలు నేలమీద, కారు బరువు వాటిపై ఉన్నప్పుడే బుష్ బోల్టు చివరి బిగింపు చేయాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ఆపైన నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి, ముందు రెండింటికే చేస్తే చాలదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి షెడ్డుకు వెళ్లి లాక్ నట్ బిగువు చూపించుకోండి.