మరుగుజ్జు దీర్ఘవృత్తాకార గెలాక్సీలు: చీలిక ప్రకృతిదా, కొలతదా?

మరుగుజ్జు దీర్ఘవృత్తాకార గెలాక్సీలు, పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలు వేర్వేరు జాతులన్న మాట నలభై ఏళ్లుగా రుజువైన సత్యంలా చలామణీ అవుతోంది. దీనికి మూలం 1985లో ఖగోళ శాస్త్రవేత్త జాన్ కార్మెండీ గెలాక్సీల కాంతిని, ఉపరితల ప్రకాశాన్ని పోల్చి వేసిన పటం. అందులో పెద్దవి ఒక వాలులో, చిన్నవి దానికి అడ్డంగా మరో వాలులో పడ్డాయి. 2009లో ఆయన బృందం ఈ వాదాన్ని మరింత బిగించి, చిన్నవాటిని దీర్ఘవృత్తాకార గెలాక్సీల లెక్కలోంచే తీసేసింది. పరిశోధకుడు గ్రహాం ఎత్తిచూపినట్టు, తొలి పటంలో మధ్యస్థ కాంతి గల గెలాక్సీలు బాగా పలుచన. నడుమ ఉన్నవాటిని వదిలేస్తే రెండు కొసలు వేరుగా కనిపించక ఏం చేస్తాయి?

అసలు చిక్కు, కేంద్రం నుంచి అంచుకు కాంతి ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాల దగ్గరే మొదలైంది. పెద్దవాటికి 1948 నాటి డి వోకులూర్ సూత్రం, చిన్నవాటికి ఘాతీయ సూత్రం అని ముందే పంచిపెట్టి, ఆనక తేడా దొరికిందనడం న్యాయం కాదు. వంపును ఒక సూచికతో మార్చుకోగల సెర్సిక్ సూత్రంలో ఈ రెండూ ఆ సూచిక 4, 1 అయిన సందర్భాలు మాత్రమే. గెలాక్సీ పెద్దదయ్యేకొద్దీ సూచిక పెరుగుతుందని కయోన్, కపాచ్చోలి, డొనోఫ్రియో 1993లోనే చూపారు. కేంద్రానికి, సగం కాంతి ఇమిడే అర్ధకాంతి వ్యాసార్ధానికి మధ్య ఉపరితల ప్రకాశంలో తేడా సూచిక 1 అయితే 1.82 మాగ్నిట్యూడ్లు, 4 అయితే 8.33. కాబట్టి కేంద్ర ప్రకాశం ఒకే సరళరేఖలో పెరుగుతున్నా, అర్ధకాంతి కొలతలతో వేసిన గీత తనంతట తానే వంగుతుంది. గ్రహాం, గుజ్మాన్ 2003లో కోమా గెలాక్సీ గుంపులోని మరుగుజ్జులను హబుల్ చిత్రాల్లో కొలిచి నిలబెట్టింది ఈ సంగతినే. మహా గెలాక్సీల నడిబొడ్డున కాంతి కొరవడే మాట నిజమే గానీ, అది తరువాత జరిగిన విలీనాల ఫలితం.

కొలతలో జాగ్రత్తే ఇక్కడ ప్రాణం. చదరపు ఆర్క్‌సెకనుకు ఆకాశం 22 మాగ్నిట్యూడ్లుంటే (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), 27 దగ్గరుండే గెలాక్సీ అంచు అందులో నూరో వంతు. ఆకాశాన్ని ఒక్క శాతం ఎక్కువ తీసేస్తే అంచు మాయమై సూచిక తగ్గిపోతుంది. కన్యారాశి గుంపు దూరంలో ఒక ఆర్క్‌సెకను దాదాపు 80 పార్సెక్కులు. మరుగుజ్జు నడుమ ఉండే కొద్ది పార్సెక్కుల కేంద్రకం వాతావరణపు మసకలో పరుచుకుంటుంది. దాన్ని విడిగా లెక్కించకపోతే సూచిక అకారణంగా పెరుగుతుంది.

ఆకారం సంగతీ ఇంతే. 2000లో యెర్యెన్, కల్నాయ్స్, బింగెలి మరుగుజ్జు గెలాక్సీ ఐసీ 3328 చిత్రంలోంచి నునుపైన కాంతిని తీసేస్తే సర్పిల భుజాలు బయటపడ్డాయి, అంటే లోపల పళ్లెం దాగి ఉంది. లిస్కర్ బృందం 2006లో అలాంటి పళ్లేలను మరెన్నో మరుగుజ్జుల్లో గుర్తించింది. ఇవి గుంపులో పడి రూపు మారిన సర్పిలాలని కార్మెండీ పక్షం అంటుంది. కానీ పళ్లేలు మధ్యస్థ కాంతి గల దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లోనూ ఉన్నాయి. ఒకే ప్రకాశం గల చోట్లను కలిపే వాటి సమకాంతి రేఖల కొసలు సూదిగా సాగడమే అందుకు సాక్ష్యం.

కాంతి వితరణలో తెగని వరుస, ఆకారంలో తెగని వరుస కనిపిస్తున్నప్పుడు పుట్టుకలో మాత్రం తెగిందనడానికి ఆధారం లేదు. చిన్నా పెద్దా అన్నీ ఒకే వంశం. పాఠ్యపుస్తకాల్లోని వర్గీకరణ అధ్యాయాలను ఆ ప్రాతిపదిక మీదే తిరగరాయాలి.