భారతదేశంలో పైలట్ వృత్తి: ఫ్లయింగ్ క్లబ్బుల నుంచి అకాడమీల దాకా

భారతదేశంలో విమానం నడపడం మొదట ప్రదర్శనగా వచ్చింది, తర్వాత కలవారి సరదా అయింది, ఆ పైన జీతమొచ్చే ఉద్యోగంగా స్థిరపడింది. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి వైమానికుడు హెన్రీ పెకే అలహాబాద్ నుంచి యమున ఆవలి ఒడ్డునున్న నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశాడు. సుమారు పది కిలోమీటర్ల ఆ ప్రయాణం 13 నిమిషాల్లో ముగిసింది. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలాగా అది చరిత్రకెక్కింది. అయినా ఆనాడు ఈ దేశపు యువకుడెవరైనా తానూ ఎగరాలనుకుంటే నేర్పే బడి లేదు, లైసెన్సు ఇచ్చే వ్యవస్థ లేదు, చేరడానికి ఉద్యోగం లేదు. ఈ మూడూ అమరడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటినుంచి నేటిదాకా ఈ వృత్తి చరిత్ర అంతా వాటిని ఎవరు అందుకోగలిగారు, ఎవరు అందుకోలేకపోయారు అన్న దాని చుట్టూనే నడిచింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో

భారతీయులు తొలిసారి సైనిక విమానాలు నడిపింది మొదటి ప్రపంచ యుద్ధంలో. వారు వేళ్ళమీద లెక్కించదగినంత మంది. వారిలో ఇద్దరు ప్రసిద్ధులు, ఇద్దరూ అప్పటికే ఇంగ్లండులో చదువుకుంటున్నవారు. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి హర్దిత్ సింగ్ మాలిక్‌ను బ్రిటిష్ సేన మొదట తీసుకోలేదు. ఆయన ఫ్రాన్సు వెళ్ళి రెడ్‌క్రాస్ అంబులెన్సు నడిపాడు. ఫ్రెంచి వైమానిక దళం ఆయనను చేర్చుకోవడానికి సిద్ధపడిందని తెలిశాక, ఆక్స్‌ఫర్డ్‌లోని గురువు చొరవతో 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చోటు దొరికింది. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ అదే ఏడాది అందులో చేరాడు. 1918 జులైలో రెండు వారాలైనా గడవకుండానే పది వైమానిక విజయాలు సాధించి, ఆ నెల 22న యుద్ధంలోనే నేలకొరిగాడు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు. మరణానంతరం ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ లభించింది. వీరి ధైర్యం గొప్పది. అయితే ఆ అవకాశం వారిదాకా రావడానికి విదేశంలో చదివించగల కుటుంబాల స్తోమత కూడా కారణం. దేశంలోనే ఉన్నవారికి ఆ దారి లేదు.

క్లబ్బుల కాలం

1927లో ప్రభుత్వం పౌర విమానయానానికి ప్రత్యేక శాఖను ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, కరాచీ వంటి నగరాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. ప్రభుత్వ సాయం, సభ్యుల చందాలు, చిన్న మాత్ విమానాలు, ఒకరిద్దరు శిక్షకులు ఉంటే క్లబ్బు నడిచేది. అక్కడ ఇచ్చేది ముఖ్యంగా ‘ఎ’ లైసెన్సు. దానితో సొంతానికి విమానం నడుపుకోవచ్చు. కిరాయికి ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ‘బి’ లైసెన్సు కావాలి, దానికి మరెంతో అనుభవం, ఖర్చు అవసరం. అందుకే తొలినాటి సభ్యుల్లో అధికారులు, వ్యాపార కుటుంబాలవారు, సంస్థానాధీశుల బంధువులే ఎక్కువ.

1929 ఫిబ్రవరి 10న బొంబాయిలో జె.ఆర్.డి. టాటా అందుకున్న లైసెన్సు మీద ఉన్న అంకె 1. భారతదేశంలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్సు అది. ఆ తర్వాత ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. 1930లో టాటా కరాచీ నుంచి బయలుదేరగా, కరాచీ కుర్రాడు ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి ఎదురు దిశలో వచ్చాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో స్పార్క్ ప్లగ్గులు లేక ఆగిపోయిన ఇంజనీర్‌కు టాటా తన దగ్గరున్నవి ఇచ్చాడు. బహుమతి ఇంజనీర్‌కే దక్కింది. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. తర్వాత ఆయన వైమానిక దళంలో చేరి, 1960 నుంచి 1964 వరకు దాని అధిపతిగా పనిచేశాడు. ఒక క్లబ్బులో నేర్చుకున్న విద్య జీవితకాలపు వృత్తిగా ఎదగగలదని దేశం చూసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఆ వృత్తికి ఉద్యోగ రూపం 1932లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 8న భారత వైమానిక దళం ఏర్పడింది. వారం తర్వాత, అక్టోబరు 15న, టాటా పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి తపాలా తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ వింట్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. విమాన సర్వీసు మొదలైనా ఉద్యోగాలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. వైమానిక దళపు తొలి భారతీయ అధికారులు ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందారు. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదటి స్క్వాడ్రన్ నాలుగు వాపిటీ విమానాలతో మొదలైంది. ఆ తొలి అధికారుల్లో ఒకరైన సుబ్రతో ముఖర్జీ తర్వాత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు.

యుద్ధం, డకోటాలు, బేగంపేట

రెండో ప్రపంచ యుద్ధం ఈ లెక్కలన్నీ మార్చింది. ఒకే స్క్వాడ్రన్‌తో యుద్ధంలోకి దిగిన వైమానిక దళం ముగింపునాటికి తొమ్మిది స్క్వాడ్రన్లకు చేరింది. క్లబ్బుల్లో ‘ఎ’ లైసెన్సు తెచ్చుకున్న యువకులు యుద్ధ పైలట్లయ్యారు. యుద్ధం ముగిశాక అమెరికన్ సేనలు వదిలివెళ్ళిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. వాటిని కొని అనేక కొత్త విమాన సంస్థలు పుట్టుకొచ్చాయి. అప్పటిదాకా కొద్దిమందికే ఉన్న పౌర పైలట్ ఉద్యోగం తొలిసారి వందలమందికి అందుబాటులోకి వచ్చింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైన్యాన్ని చేర్చిన డకోటాల్లో పౌర సంస్థలవీ ఉన్నాయి.

హైదరాబాద్ ఈ కథలోకి బేగంపేట విమానాశ్రయం ద్వారా ప్రవేశించింది. 1930లలో అక్కడ సంస్థానపు ఏరో క్లబ్బు నడిచింది. 1940లలో నిజాం రైల్వే, టాటాలు కలిసి నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే డకోటాలు నడిపింది. దేశంలో ఒక మహిళకు మొదటిసారి పైలట్ ఉద్యోగమిచ్చిన విమాన సంస్థ అదే.

అంతకుముందు సరళా ఠక్రాల్ 1936లో, 21 ఏళ్ళ వయసులో, చీరకట్టుతో జిప్సీ మాత్ నడిపి లైసెన్సు సంపాదించింది. అప్పటికే ఆమె ఒక బిడ్డ తల్లి. ఆమె భర్త తపాలా విమానాల పైలట్. 1939లో ఆయన విమాన ప్రమాదంలో మరణించాక ఆమె వాణిజ్య లైసెన్సు కోసం జోధ్‌పూర్ వెళ్ళింది. యుద్ధం రావడంతో పౌర శిక్షణ ఆగిపోయింది, ఆమె లాహోర్ చిత్రకళాశాలలో చేరింది. ప్రేమ్ మాథుర్ 1947లో వాణిజ్య లైసెన్సు పొంది, 1949లో జాతీయ విమాన పోటీ గెలిచింది. అయినా ఎనిమిది సంస్థలు ఆమెకు ఉద్యోగం నిరాకరించాయి. చివరికి డెక్కన్ ఎయిర్‌వేస్ తీసుకుంది, 1951లో ఆమె హైదరాబాద్ నుంచి విమానం నడిపింది. కానీ కెప్టెన్ హోదా మాత్రం ఆ సంస్థ ఇవ్వలేదు. లైసెన్సు, నైపుణ్యం రెండూ చేతిలో ఉన్నా ఆడపిల్లకు ఉద్యోగం దగ్గర దారి మూసుకుపోయేదని ఆమె జీవితం చెబుతుంది.

రెండు ప్రభుత్వ సంస్థలు, ఒక సైనిక మార్గం

1953లో విమాన సంస్థలను జాతీయం చేశారు. డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియాకు వెళ్ళాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు పౌర పైలట్ కావాలనుకున్న యువకుడికి ప్రధానంగా ఈ రెండే యజమానులు. ఉద్యోగానికి భద్రత ఉండేది, ఖాళీలు మాత్రం తక్కువ. శిక్షణ ఫ్లయింగ్ క్లబ్బుల్లోనే సాగింది. బెంగళూరు హిందుస్థాన్ కర్మాగారంలో తయారైన హెచ్‌టీ-2, పుష్పక్ విమానాలు ఈ శిక్షణకు స్వదేశీ సాధనాలయ్యాయి. 1948లో అలహాబాద్‌లో పౌర విమానయాన శిక్షణ కేంద్రం కూడా మొదలైంది.

డబ్బులేని ఇంటి పిల్లవాడికి నిజంగా తెరుచుకున్న దారి వైమానిక దళానిది. అక్కడ శిక్షణకు ఫీజు లేదు, ఎంపిక పరీక్ష, ఇంటర్వ్యూ, దేహదారుఢ్యమే కొలమానాలు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేశారు, 1971 నుంచి శిక్షణ మొదలైంది. హైదరాబాద్‌లో పెరిగి, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ నిజాం కళాశాలలోనూ చదివిన రాకేశ్ శర్మ నేషనల్ డిఫెన్స్ అకాడమీ ద్వారా వైమానిక దళంలో చేరి, 1984 ఏప్రిల్ 3న అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి భారతీయుడయ్యాడు.

సైన్యంలోనూ స్త్రీలకు దారి ఆలస్యంగానే దొరికింది. 1994లో హరితా కౌర్ దేఓల్ ఒంటరిగా వైమానిక దళ విమానం నడిపింది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దుండిగల్‌లోనే యుద్ధ విమానాల విభాగంలోకి అధికారులుగా చేరారు. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి కూడా అమ్మాయిలు ప్రవేశించారు. పౌర రంగంలో సౌదామినీ దేశ్‌ముఖ్ 1985లో పూర్తిగా మహిళా సిబ్బందితో నడిచిన విమానానికి నాయకత్వం వహించింది. నేడు భారతీయ పైలట్లలో మహిళలు దాదాపు 15 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడు రెట్లు.

అకాడమీలు, ప్రైవేటు సంస్థలు

క్లబ్బు చదువుకు బదులు క్రమబద్ధమైన అకాడమీ చదువు కోసం కేంద్రం 1985లో రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీని నెలకొల్పింది. ప్రవేశ పరీక్ష ద్వారా దేశంలో ఏ మూలనుంచైనా చేరవచ్చు. విజయవాడలో చదివిన అనీ దివ్య పదిహేడేళ్ళకు అక్కడ చేరి, 2017లో ముప్పై ఏళ్ళ వయసులో బోయింగ్ 777 కెప్టెన్ అయింది. చిన్న ఊరి పిల్లలకు పెద్ద పట్నపు క్లబ్బు చందాకంటే ప్రవేశ పరీక్ష ఎంత ఎక్కువ ఇవ్వగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1990లలో ప్రైవేటు విమాన సంస్థలకు అనుమతి వచ్చింది, 1994లో పాత జాతీయీకరణ చట్టాన్ని రద్దు చేశారు. 2003లో ఎయిర్ డెక్కన్, 2006లో ఇండిగో రావడంతో టికెట్ ధర సామాన్యుడికి దగ్గరైంది, పైలట్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఆ వేగంలో లక్షలు అప్పుచేసి లైసెన్సు తెచ్చుకున్న ఎందరో 2008 ఆర్థిక మాంద్యంలో ఏళ్ళతరబడి ఉద్యోగం లేకుండా మిగిలారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాయి, 2020లో కోవిడ్ విమానాలన్నిటినీ నేలమీద నిలిపింది. మళ్ళీ 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. ఈ ఎగుడుదిగుళ్ళు ఈ వృత్తికి మొదటినుంచీ ఉన్న స్వభావమే. లైసెన్సు చేతికొచ్చే ఏడాదికీ ఉద్యోగాలు దొరికే ఏడాదికీ పొత్తు కుదరకపోవడం దీనిలో మామూలు.

నేటి దారి

ఇప్పటి నిబంధనల ప్రకారం 16 ఏళ్ళకు విద్యార్థి పైలట్ లైసెన్సు, 18 ఏళ్ళకు వాణిజ్య లైసెన్సు పొందవచ్చు. దానికి 200 గంటల విమాన అనుభవం కావాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాల్లో పరీక్షలు, రేడియో పరీక్ష రాయాలి. పూర్వం మెట్రిక్ చదివినవారూ చేరగలిగేవారు. 1990ల మధ్య నుంచి ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం, గణితం తప్పనిసరి చేశారు. ఎంపీసీ చదివే లక్షలాది తెలుగు విద్యార్థులకు ఈ అర్హత చేతిలోనే ఉన్నా, వారిలో అత్యధికులు ఇంజనీరింగ్ తప్ప మరో దారి ఆలోచించరు. అందుకు కారణం అనాసక్తి ఒక్కటే కాదు. లైసెన్సుకు అయ్యే ఖర్చు ఇప్పుడు అర కోటి రూపాయల దాకా పోతుంది, ఒక రకం విమానానికి కావలసిన ప్రత్యేక శిక్షణకు అదనంగా ఖర్చవుతుంది. గంటలు నింపుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి రేడియోలో ఆంగ్లం మరో పరీక్ష.

కాబట్టి ఈ వృత్తి ఎంచుకునే యువతీయువకులు మొదట వైద్య పరీక్ష చేయించుకోవాలి. రంగుల గుర్తింపు, వినికిడి, గుండె పనితీరు సరిగా లేకపోతే కట్టిన ఫీజు వృథా. సైనిక మార్గాన్ని కూడా పౌర మార్గంతో సమానంగా పరిశీలించాలి. మాంద్యం వచ్చినప్పుడు నిలబెట్టే డిగ్రీ ఒకటి చేతిలో ఉంచుకోవాలి. ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల, తెగల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో పైలట్ శిక్షణను చేర్చడం సరైన పని. అటువంటి సహాయం పేద కుటుంబాలన్నిటికీ, జిల్లా స్థాయి దాకా విస్తరించాలి. పైలట్ కావాలన్న కోరిక ఈ దేశపు పిల్లల్లో ఎన్నడూ కొరవడలేదు. కొరవడింది దారి ఖర్చు, దారి సమాచారం. ఈ రెండూ సమకూర్చడం సమాజం బాధ్యత.