కనుబొమ మీద రాసిన చట్టం

స్త్రీ కనుబొమల గురించి మన కావ్యాలు మాట్లాడినంతగా మన చరిత్ర మాట్లాడలేదు. మన్మథుడి విల్లని కవులు వర్ణిస్తూ పోయారు. ఆ విల్లును వంచడానికి, నల్లబరచడానికి, రెండు వైపులా ఒకేలా దిద్దడానికి స్త్రీలు చేసిన పని, పడిన నొప్పి, పెట్టిన డబ్బు ఎవరి లెక్కలోకీ రాలేదు. అలంకారం పనికిమాలిన విషయమని పండితులు పక్కన పెట్టారు. అది బానిసత్వ చిహ్నమని మనలో కొందరం కూడా అంతే తేలిగ్గా పక్కన పెట్టాం. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా ఆహార, ఔషధ చట్టం మారడం వెనక ఉన్న కారణాల్లో కనుబొమల రంగు ఒకటని తెలిస్తే ఇద్దరమూ కాస్త తడబడతాం.

బ్యూటీ పార్లర్లలో తరచుగా వినిపించే ఫిర్యాదుతో మొదలుపెడదాం. రంగు వేయించుకున్న కనుబొమల్లో ఒకటి చిక్కటి నలుపు, రెండోది వెలిసిన గోధుమ రంగు. లేదా బొమ మొదట్లో మచ్చలా అంటుకుని, చివర్లో ఏమీ అంటకపోవడం. వేయించుకున్నామె అద్దంలో చూసుకుని బాధపడుతుంది, వేసినామె తల వంచుకుంటుంది. తప్పెవరిదన్న ప్రశ్న ఆ ఇద్దరి మధ్యే తిరుగుతుంది. గదిలో ఉన్న మూడో పక్షం, అంటే డబ్బాలోని రసాయనం, దాన్ని తయారు చేసినవాడు, దానికి అనుమతి ఇచ్చిన చట్టం, ఈ తగాదాలోకి రానే రావు.

రంగు సమంగా అంటకపోవడానికి కారణాలు మామూలువే. ఎవరి రెండు కనుబొమలూ పుట్టుకతో ఒక్కలా ఉండవు. ఒకవైపు వెంట్రుకలు ఒత్తుగా, మరోవైపు పలచగా ఉంటాయి. పలచగా ఉన్నచోట రంగు వెంట్రుక కంటే చర్మానికే ఎక్కువ పడుతుంది. నెరిసిన వెంట్రుక బిరుసుగా ఉండి రంగును తొందరగా లోపలికి రానివ్వదు. నూనె జిడ్డో, పాత పెన్సిల్ గీతో మిగిలి ఉంటే అక్కడ రంగు జారిపోతుంది. అప్పుడే థ్రెడింగ్ చేసిన చర్మం ఎర్రబడి ఉండి రంగును అతిగా పీల్చుకుంటుంది. వీటన్నిటి కంటే సులువుగా కంటికి ఆననిది కాలం. కుడి బొమకు ముందు పూసి, ఎడమకు తర్వాత పూసి, రెండూ ఒకేసారి తుడిస్తే కుడివైపు రంగు రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంటుంది. పైగా కలిపిన క్షణం నుంచే మిశ్రమం గాలితో, పెరాక్సైడ్‌తో చర్య జరిపి తన శక్తిని కోల్పోతూ ఉంటుంది. రెండో బొమకు దక్కేది అప్పటికే సగం పని అయిపోయిన రంగు.

ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. చాలా శాశ్వత రంగుల్లో పనిచేసేది పారాఫినిలీన్ డయమైన్, వాడుకలో పి.పి.డి. తారు నుంచి తీసే రసాయనాల కుటుంబానికి చెందినది. ఇది మొదట రంగులేని చిన్న అణువు. వెంట్రుకలోకి దూరాక పెరాక్సైడ్‌తో కలిసి పెద్ద రంగు అణువుగా మారి బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. ఆ మార్పు మధ్యలో పుట్టే పదార్థాలే కొందరి శరీరాల్లో తీవ్రమైన ఎలర్జీ రేపుతాయి. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారో పదోసారో తిరగబడుతుంది.

1933లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఒక గృహిణి ఒక సభకు వెళ్లబోతూ పార్లర్‌లో కనురెప్పల వెంట్రుకలకూ కనుబొమలకూ రంగు వేయించుకుంది. ఆ రంగు పేరు 'లాష్ ల్యూర్'. అందులో ఉన్నది ఈ తారు రంగే. కొద్ది గంటల్లో కళ్లు మండాయి, వాచాయి, చివరికి కంటిపాప మీది పొర పుండుపడి ఆమె చూపు పోయింది. ఆమె కేసు వైద్య పత్రికల్లోకి ఎక్కింది. అదే రంగు వాడిన మరికొందరి కళ్లు దెబ్బతిన్నాయి. ఒక స్త్రీ ప్రాణమే పోయింది.

అప్పటి అమెరికా ప్రభుత్వం ఏం చేయగలిగింది? ఏమీ చేయలేకపోయింది. 1906 నాటి చట్టం ఆహారాన్ని, మందులను పట్టించుకుంది కానీ సౌందర్య సాధనాల ఊసు ఎత్తలేదు. ముఖానికి పూసుకునేది ఆడవాళ్ల సరదా, సరదాకు చట్టమెందుకన్నది దాని అర్థం. స్త్రీల చూపు పోగొట్టిన వస్తువును బజారు నుంచి తీసేయించే అధికారం ఏ అధికారికీ లేదు. మరో ఐదేళ్లు అది అమ్ముడవుతూనే ఉంది.

ఆ ఐదేళ్ల కథలో స్త్రీలే ప్రధాన పాత్రలు. ఆహార, ఔషధ పాలనా సంస్థ ఇలాంటి ప్రమాదకర వస్తువులన్నిటినీ ఒక ప్రదర్శనగా పెట్టింది. చూసిన పత్రికలవాళ్లు దానికి 'భయంకర దృశ్యాల గది' అని పేరుపెట్టారు. లాష్ ల్యూర్ వాడకముందు, వాడిన తర్వాత ఆ గృహిణి ముఖం ఎలా ఉందో చూపే ఫొటోలు అందులో ఉన్నాయి. అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ కూడా ఆ ప్రదర్శన చూసి కలత చెందింది. ఆ సంస్థలోనే పనిచేస్తున్న రూత్ డిఫారెస్ట్ లాంబ్ 1936లో ఈ ఉదంతాలన్నిటితో 'అమెరికన్ ఛాంబర్ ఆఫ్ హారర్స్' అనే పుస్తకం రాసింది. మహిళా ఓటర్ల సంఘం, విశ్వవిద్యాలయ మహిళల సంఘం వంటి సంస్థలు కొత్త చట్టం కోసం ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాయి. మందుల కంపెనీలు, సౌందర్య సాధనాల కంపెనీలు, వాటి ప్రకటనల మీద బతికే పత్రికలు బిల్లును నీరుగారుస్తూ వచ్చాయి. చివరికి 1937లో ఒక విషపూరితమైన మందు వందమందికి పైగా ప్రాణాలు తీశాక, 1938 జూన్ 25న చట్టం వచ్చింది. దాని కింద ప్రభుత్వం మొట్టమొదట స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో లాష్ ల్యూర్ ఉంది.

ఇంతవరకు విజయగాథే. అయితే చట్టాన్ని కొంచెం దగ్గరగా చదవాలి. తలకు వేసుకునే తారు రంగులను ఆ చట్టం నిషేధించలేదు. జుట్టురంగు పరిశ్రమ తనకొక మినహాయింపు సంపాదించుకుంది. డబ్బా మీద ఒక హెచ్చరిక ముద్రిస్తే చాలు. ఈ రంగు కొందరి చర్మానికి పడకపోవచ్చు, ముందుగా పరీక్ష చేసుకోండి, కనురెప్పలకూ కనుబొమలకూ వాడితే చూపు పోవచ్చు అన్నది దాని సారాంశం. మినహాయింపు తలకే పరిమితం, కనుబొమలకు లేదు. అంటే తలమీద చెల్లుబాటయ్యే రసాయనం రెండంగుళాల కిందికి దిగితే చట్టవిరుద్ధం. కనుబొమల కోసమంటూ అక్కడ ఒక రంగుకు అనుమతి దొరకడానికి దశాబ్దాలు పట్టింది. 2022లో సిల్వర్ నైట్రేట్‌ను, నాలుగు శాతం మించకుండా, వృత్తిగా చేసేవారి చేతుల్లో మాత్రమే వాడటానికి ఒప్పుకున్నారు.

ఆ హెచ్చరిక సముద్రాలు దాటి మన దగ్గరికీ వచ్చింది. మన 1940 నాటి ఔషధాల చట్టం పరిధిలోకి సౌందర్య సాధనాలు 1962 సవరణతో వచ్చాయి. పి.పి.డి. ఉన్న జుట్టురంగుల మీద దాదాపు అదే వాక్యం, ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ఉండాలని మన నిబంధనలు చెబుతాయి. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలూ దాన్ని కొనసాగించాయి. కాబట్టి కిరాణా కొట్టులో దొరికే జుట్టురంగు ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో కనిపించే ఆ నాలుగు ముక్కల వెనక, దాదాపు తొంభై ఏళ్ల క్రితం చూపు పోగొట్టుకున్న ఒక స్త్రీ ఉంది. ఆమె చరిత్రను మనం రోజూ చించి చెత్తబుట్టలో వేస్తున్నాం.

హెచ్చరిక రాయడంలో ఒక రాజకీయం ఉంది. నిషేధిస్తే భారం తయారీదారు మీద పడుతుంది. హెచ్చరిస్తే అది వాడే స్త్రీ మీద పడుతుంది. చెప్పాం కదా, చదువుకోలేదా అనే వెసులుబాటు కంపెనీకి మిగులుతుంది. చదవాల్సింది ఎవరు? పార్లర్‌లో కుర్చీలో కళ్లు మూసుకుని పడుకున్న ఆమెకు ప్యాకెట్ కనిపించదు. గిన్నెలో రంగు కలిపే అమ్మాయికి చదివే తీరిక ఉండదు. ఏ పల్లె నుంచో వచ్చి, చాలీచాలని జీతానికి రోజంతా నిలబడి పనిచేసే ఆ అమ్మాయి చేతివేళ్లు పగిలి, దురద పెట్టి, కొన్నాళ్లకు ఆ పనే చేయలేని స్థితి రావచ్చు. జుట్టురంగు పనిచేసేవారిలో చేతుల ఎగ్జిమా వైద్యశాస్త్రానికి ఎప్పటినుంచో తెలిసిన వృత్తిరోగం. సౌందర్యం గురించి మనం రాసిన విమర్శల్లో వేయించుకునే స్త్రీ ఉన్నంతగా వేసే స్త్రీ లేదు.

1994లో ప్రపంచ సుందరి, విశ్వసుందరి కిరీటాలు రెండూ మన దేశానికి వచ్చినప్పుడు, 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీవాదులు మార్కెట్ గురించి చెప్పిన మాటలు ఇప్పటికీ నిజమే. అలాగని కనుబొమకు రంగు వేయించుకునే ప్రతి స్త్రీనీ మార్కెట్ వలలో పడ్డ చేపగా చూడలేం. బొల్లితో ఒక బొమ తెల్లబడిన స్త్రీ ఉంది. కీమోథెరపీ తర్వాత లేత రంగులో మళ్లీ మొలిచిన వెంట్రుకలను చూసుకుంటున్న స్త్రీ ఉంది. నలభై దాటగానే నెరిసిన బొమలతో ఉద్యోగంలో ముసలిదాన్నైపోతానేమోనని భయపడే స్త్రీ ఉంది. వాళ్లకు మనం సిద్ధాంతం ఒక్కటే ఇచ్చి పంపించకూడదు. సమాచారం కూడా ఇవ్వాలి.

ఆ సమాచారం ఇది. ఒక బొమ నల్లగా, ఒకటి లేతగా వస్తే లేతదానిమీద వెంటనే మరో పూత వేయించుకోవద్దు. ఎర్రబడిన చర్మం మీద అదే రసాయనాన్ని రెండోసారి రుద్దడం అసమానతను దిద్దే తొందరలో ప్రమాదాన్ని రెట్టింపు చేయడం. చర్మానికి అంటిన మరక కొద్ది రోజుల్లో పైపొరతోపాటు తనే పోతుంది. కళ్లు మూసుకుని, దూదికి కాస్త కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడిస్తే ఇంకొంత తగ్గుతుంది. వెంట్రుకల్లోని రంగు కొన్ని వారాల్లో వెలుస్తుంది. అంతవరకు లేత బొమను పెన్సిల్‌తో దిద్దుకుంటే చాలు. బ్లీచ్, నిమ్మరసం, వంటసోడా, గోళ్లరంగు తుడిచే ద్రవం వంటివి కంటి దరిదాపులకు రానివ్వకూడదు. దురద, వాపు, కంటినుంచి నీరు కారడం మొదలైతే ధారగా నీళ్లు పోసి కడిగి, ఆ ప్యాకెట్ కూడా పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ముందే జాగ్రత్తపడటం అంతకంటే మేలు. తలకు వేసే రంగును కనుబొమలకు వాడనివ్వకూడదు. కనుబొమల కోసమే చేసినదైనా ఒక రోజు ముందు చెవి వెనక కొంచెం పూసి చూడాలి. పెళ్లిళ్లలో పెట్టుకునే నల్ల 'ఇన్‌స్టంట్' గోరింటాకులో తరచుగా పి.పి.డి. ఉంటుంది. దానితో ఒకప్పుడు చెయ్యి బొబ్బలెక్కినవారు ఈ రంగుల జోలికి వెళ్లకపోవడమే మంచిది. థ్రెడింగ్ రోజునే రంగు వద్దు. జిడ్డు శుభ్రంగా తుడిచి, బొమ చుట్టూ వాజలీన్ రాసి, ఏ బొమకు ముందు పూశారో దాన్నే ముందు తుడవాలి, మధ్యలో గడియారం చూస్తూ. రంగు తడవతడవకు కొత్తగా కలపమనాలి. ప్యాకెట్ చూపించమని అడగాలి.

ఆ చివరి కోరిక చిన్నదిగానే కనిపిస్తుంది. పార్లర్ కుర్చీలో కూర్చున్న స్త్రీ 'ఏదీ, ఆ డబ్బా చూపించు తల్లీ' అని అడిగినప్పుడు, వేసే అమ్మాయి కూడా దాన్ని తిప్పి చూస్తుంది. ఇద్దరూ ఆ చీమ తలకాయంత అక్షరాలను కలిసి చదువుతారు. 1930లలో ఆ స్త్రీల సంఘాలు చేసింది కూడా అదే. ఒక ఫొటోను, ఒక డబ్బాను చేతిలో పట్టుకుని అందరికీ కనబడేలా తిప్పి చూపించారు.