కెమెరా చెప్పిన 62 శాతం: బ్యాటరీ మీటర్ల పాత కథ

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఒక్కతే ఉంటుంది. ఆవిడ వసారాలో ఒక వైర్‌లెస్ కెమెరా పెట్టాను. చార్జ్ చేసి తగిలించేయడమే, వైర్ గోల లేదు. హైదరాబాద్ నుంచి రోజూ చూసుకునేవాణ్ని. ఒక రాత్రి పడుకునే ముందు యాప్ చూశాను, బ్యాటరీ 62 శాతం. పొద్దున్నే చూస్తే కెమెరా ఆఫ్‌లైన్. వైఫై పోయి ఉంటుందిలే అనుకున్నా. తొమ్మిదింటికి పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. అమ్మమ్మ తెల్లవారుజామున మెట్టు మీద జారిపడింది, మణికట్టు విరిగింది. దాదాపు గంటసేపు అక్కడే కూర్చుండిపోయిందట. సరిగ్గా కెమెరాకి ఎదురుగా.

ఏ కంపెనీ అని అడక్కండి. ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు. నన్ను తినేసిన ప్రశ్న వేరే: ఆ 62 ఎక్కణ్నుంచి వచ్చింది? తవ్వుకుంటూ పోతే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాను.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ తయారు చేశాడు. మీ ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్నది దాని మునిమనవడే. ఇందులో ఒక అందం ఉంది. కరెంటు వాడుకునే కొద్దీ యాసిడ్ ఖర్చయిపోయి, లోపలి ద్రవం పల్చబడుతుంది. అంటే ఎంత చార్జ్ ఉందో ఆ ద్రవమే చెప్పేస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్ షాపులో గాజు గొట్టానికి రబ్బరు బుడ్డ ఉంటుంది చూడండి, హైడ్రోమీటర్. దాంతో కాస్త పైకి పీలిస్తే నిండు బ్యాటరీలో 1.26 దగ్గర, ఖాళీ దాంట్లో 1.12 దగ్గర తేలుతుంది. ఊహ లేదు, లెక్క లేదు, నేరుగా కొలత. (ఇన్వర్టర్ బ్యాటరీ మీద తేలే ఎర్ర పుల్లలు వేరు, అవి నీళ్ల మట్టం మాత్రమే చూపిస్తాయి.)

టార్చిలైటు సెల్లులు కూడా ఒకరకంగా నిజాయితీగానే ఉండేవి. వోల్టేజ్ మెల్లగా దిగేది, దాంతో పాటే వెలుగు పసుపుపచ్చగా మారేది. అమ్మమ్మ వాటిని తీసి ఎండలో పెట్టేది, ఇంకో రెండు రోజులు లాగించేది. అయిపోతున్నాయని వారం ముందే ఇంటిల్లిపాదికీ తెలిసేది.

ఇప్పుడు అసలు మలుపు. 1900ల మొదట్లో అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లు తిరిగేవి. వాటి కోసం ఎడిసన్ నికెల్-ఐరన్ బ్యాటరీ తెచ్చాడు. గట్టిది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ అందులోని ద్రవం చార్జ్ దిగినా పెద్దగా పల్చబడదు. హైడ్రోమీటర్ పనికిరాదు! మరి ఎంత మిగిలిందో ఎలా తెలియాలి? అలాంటి చోట ఆంపియర్-అవర్ మీటర్ కావాలి. ఇల్లినాయ్‌లోని సంగామో కంపెనీ అలాంటివి తయారు చేసేది. వెళ్లిన కరెంటు ఎంత, వచ్చిన కరెంటు ఎంత అని లెక్కపెట్టే ముల్లు. పెట్రోల్ బంకు మీటర్ లాంటిదే అనుకోండి. చార్జ్ చేసేటప్పుడు కొంత వృథా అవుతుంది కాబట్టి, అప్పుడు ముల్లు కాస్త నెమ్మదిగా కదిలేలా కూడా ఏర్పాటు చేశారు. ఈ పద్ధతినే ఇవాళ కూలంబ్ కౌంటింగ్ అంటున్నాం.

గమనించారా? బ్యాటరీ బాగుపడింది, దాని మనసులో మాట తెలియడం కష్టమైంది. అప్పట్నుంచీ ఇదే వరస.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీ అమ్మకానికి తెచ్చింది. పూర్తిగా సీల్డ్, లోపలికి తొంగిచూడలేం. మిగిలింది వోల్టేజే. నిండా ఉంటే 4.2, ఖాళీ అయితే 3 దగ్గర. మధ్యలో మాత్రం దాదాపు బల్లపరుపు. 70 శాతానికీ 30 శాతానికీ తేడా పావు వోల్టు అటూ ఇటూ. ఆ పావు వోల్టును నలభై ముక్కలు చేసి మనకి శాతాలు చూపించాలి. అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో లెక్కపెట్టే చిప్పులు పెట్టారు. 1990ల మధ్యలో ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి స్మార్ట్ బ్యాటరీ ప్రమాణాలే రాశాయి.

ఆ లెక్కకీ ఒక రోగం ఉంది. చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. అప్పుడప్పుడు నిండా చార్జ్ అయితేనో, పూర్తిగా దిగితేనో చిప్పుకి మళ్లీ దారి తెలుస్తుంది. కెమెరా బతుకు చూడండి. రోజంతా నిద్ర, ఆ నిద్రలో వాడేది ఎంత తక్కువంటే చవక సెన్సర్ లెక్కకే రాదు. రాత్రి ఏ పిల్లో అటు వెళ్లిందంటే ఒక్కసారిగా వైఫై, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, రికార్డింగ్ అన్నీ మొదలు. ఆ బరువుకి వోల్టేజ్ దబ్బున కిందికి జారుతుంది. పాత బ్యాటరీ అయితే మరీ. కనీస వోల్టేజ్ దాటి కిందికి వెళ్తే కెమెరా ఆగిపోతుంది. పగలు విశ్రాంతిలో చూసి 62 అన్నది, రాత్రి పని పడ్డాక సున్నా. సోలార్ ప్యానెల్ తగిలిస్తే ఇంకో తంటా రావచ్చు: ఎండ చాలకపోతే పూర్తిగా నిండదు, పూర్తిగా దిగదు, లెక్క సరిదిద్దుకునే చాన్సే రాదు.

ఇలాంటిదే ఐఫోన్‌ల విషయంలోనూ జరిగింది. పాతబడ్డ బ్యాటరీలతో ఫోన్లు చార్జ్ ఉండగానే ఆగిపోతుంటే, అలా ఆగకుండా వాటి వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబర్లో యాపిల్ ఒప్పుకుంది.

ఒక నిజం చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ ఒక ప్రోగ్రెస్ బార్ రాశాను. 90 దాకా పరుగెత్తి అక్కడే కూర్చునేది. "దాదాపు ఇంత ఉండొచ్చు" అని రాస్తే యూజర్‌కి నచ్చదు, అంకె కావాలి అన్నారు. ఇచ్చాను. అందుకే ఆ 62 రాసినవాడి మీద నాకు పూర్తిగా కోపం రావట్లేదు. అయితే ఆ బార్ చూసి ఎవరూ మెట్టు మీద గంట కూర్చోలేదు.

అమ్మమ్మ కట్టు విప్పేశారు, చెయ్యి బాగానే ఉంది. పోయిన నెల ఊరెళ్లి కెమెరాకి అడాప్టర్ తగిలించి, ఇన్వర్టర్ లైన్లో కలిపేశాను. ఇన్వర్టర్ డిస్‌ప్లే 100 శాతం అంటోంది. ఎందుకైనా మంచిదని తెనాలిలో మెకానిక్ దగ్గర హైడ్రోమీటర్ అడిగి తెచ్చి చూశాను. ఆరు సెల్లుల్లో ఐదు బాగున్నాయి, ఆరోది 1.19. కొత్త బ్యాటరీకి చెప్పేసి వచ్చాను.

ఉంటానండి, వచ్చే వారం కలుద్దాం.