కార్ లోయరింగ్: పాత అంబాసిడర్, పద్మిని ఎత్తు తగ్గిస్తున్నారా? గిద్దలూరు ఘాట్ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

తాతల నాటి అంబాసిడర్‌ను షెడ్డులోంచి బయటకు తీసి, రంగు వేయించి, అల్లాయ్ వీల్స్ తొడిగి, ఆ తర్వాత 'కాస్త కిందికి దించుదాం' అనుకునే కుర్రాళ్లు పెరుగుతున్నారు. ఇన్‌స్టా రీల్స్‌లో నేలకు ఆనుకున్నట్టు మెల్లగా కదిలే పాత కారు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ఆ రీల్ తీసింది తారు రోడ్డు మీద. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు తిరిగే కారుకు ఆ లెక్క వేరు. అసలు లోయరింగ్ అంటే ఏంటి, ఏ కారులో ఎలా చేస్తారు, చట్టం ఏమంటోంది?

అసలు ఎందుకు దించుతారు?

అందం ఒక కారణం. రెండోది కంట్రోల్. కారు బరువు కేంద్రం ఎంత కిందికి ఉంటే మలుపులో అంత తక్కువ ఒరుగుతుంది. ఉదాహరణకు బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కారును 2.5 సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం దించితే మలుపులో బయటి చక్రాల మీదకు మళ్లే బరువు నాలుగున్నర శాతం వరకు తగ్గుతుంది. ఉపయోగం ఉంది, కానీ రేసింగ్ కారు అయిపోయేంత లేదు. మంచి టైర్లు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే అంతకన్నా ఎక్కువ తేడా తెలుస్తుంది.

ఈ మోజు పుట్టింది అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి మెక్సికన్ అమెరికన్ యువకులు పాత షెవర్లే కార్ల డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, స్ప్రింగులు కోసి కిందికి దించేవాళ్లు. 1950ల చివర్లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. చక్రం రిమ్ము అడుగు కన్నా కారులోని ఏ భాగమూ కిందికి ఉండకూడదని రూల్ పెట్టింది. దానికి జవాబుగా రాన్ అగీరే అనే కుర్రాడు తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనిపిస్తే కారు పైకి లేస్తుంది, వెళ్లిపోగానే కిందికి దిగుతుంది! ఆ రాష్ట్రంలో ఇలాంటి కార్ల మీద ఉన్న ఆంక్షలు 2024 జనవరి 1 నుంచి తొలగిపోయాయి. మన దగ్గర కథ వేరు, అది కింద చూద్దాం.

అంబాసిడర్‌లో ఏముంది?

ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా తయారైన అంబాసిడర్, 1950ల చివరి నుంచి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. దీని ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు ఉండవు. టార్షన్ బార్లు ఉంటాయి. అంటే కారు కింద పొడవునా పడుకున్న ఉక్కు కడ్డీలు. చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ మెలి తిరుగుతుంది, తిరిగి విడుచుకుంటుంది. వెనుక మాత్రం అందరికీ తెలిసిన కమాన్ పట్టీలే.

టార్షన్ బార్ ఉన్న కారును దించడం పైకి చాలా సులువు. కడ్డీ చివర ఉన్న పళ్లను విడదీసి, ఒకటి రెండు పళ్లు జరిపి మళ్లీ బిగిస్తే ఎత్తు మారిపోతుంది. ఏ భాగమూ కొనక్కర్లేదు. అందుకే 'గంటలో పని అయిపోద్ది' అనే మెకానిక్‌లు దొరుకుతారు. చిక్కు ఇక్కడే. కడ్డీ జరిపితే ఎత్తు తగ్గుతుంది కానీ స్ప్రింగు గట్టిదనం పెరగదు. చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా మాత్రం తగ్గుతుంది. అంటే ఇదివరకు దూకి వెళ్లిన గుంతలోనే ఇప్పుడు బంప్ స్టాపర్ రబ్బరు 'ధడ్' మంటుంది. ఆ దెబ్బ బాడీకి, స్టీరింగ్‌కు నేరుగా తగులుతుంది.

ఇంకో విషయం, ఇది ప్రాణానికి సంబంధించింది. టార్షన్ బార్‌లో బిగించి పెట్టిన శక్తి చాలా ఉంటుంది. జాకీ మీద ఒకవైపు లేపి, సరిగా వదులు చేయకుండా బోల్టు విప్పితే లివర్ విసురుగా వచ్చి చేతికో, ముఖానికో తగులుతుంది. సర్వీస్ మాన్యువల్ చూసి చేసే వాళ్ల చేతికే ఇవ్వాలి. కడ్డీ మీద పానా గీత పడినా అక్కడి నుంచే విరుగుతుంది. కుడి ఎడమ కడ్డీలను తారుమారు చేయకూడదు.

వెనుక పట్టీల సంగతి

పట్టీ కట్ట యాక్సిల్ కింద ఉండే కార్లలో, ఆ రెండిటి మధ్య ఇనుప దిమ్మె పెట్టి పొడవైన యూ బోల్టులతో బిగిస్తే కారు కిందికి దిగుతుంది. పట్టీ యాక్సిల్ పైన ఉండే బండిలో అదే దిమ్మె పెడితే బండి పైకి లేస్తుంది. ఈ తేడా తెలియకుండా ఆన్‌లైన్‌లో కిట్లు కొనేవాళ్లూ ఉన్నారు. చెక్క దిమ్మెలు, పాత యూ బోల్టులు వాడితే యాక్సిల్ పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయే మాట ఒకటుంది. పల్లెల్లో తిరిగిన పాత అంబాసిడర్లకు బరువు మోయడానికి ఎక్స్‌ట్రా పట్టీ వేయించడం మామూలే. అలాంటి కారు కంపెనీ ఇచ్చిన ఎత్తు కన్నా వెనుక పైకే ఉంటుంది. ఆ అదనపు పట్టీ తీయించి, కట్టను శుభ్రం చేసి గ్రీజు పెట్టిస్తే చాలు. కారు అసలు ఎత్తుకు వస్తుంది, చట్టంతో పేచీ ఉండదు, చూడ్డానికీ బాగుంటుంది. కొన్ని కార్లలో ఇందుకు పూర్తిగా ఉల్టా, పట్టీలు సాగి కారు అప్పటికే కుంగి ఉంటుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు చదునైన నేల మీద కారు నిలిపి, నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. కుడి ఎడమలకు తేడా ఎక్కువ ఉంటే ముందు రిపేరు, ఆ తర్వాతే ముచ్చట.

పద్మినిలో స్ప్రింగు కోస్తే?

ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక పట్టీలు. ఇక్కడ షార్ట్‌కట్ స్ప్రింగు చుట్టు కోసేయడం. 8 చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే అది సుమారు 14 శాతం గట్టిపడుతుంది. కొలత చూసి, చల్లగా కోస్తే ఒక ఎత్తు. కానీ గ్యాస్ కట్టర్‌తో కాల్చి కోస్తే ఉక్కు పదును పోతుంది, తర్వాత ఎప్పుడో విరుగుతుంది. స్ప్రింగును వేడిచేసి కుంగదీయడం ఇంకా దారుణం. కోసిన చివర గూటిలో సరిగా కూర్చోకపోతే, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు పక్కకు జరుగుతుంది.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ దొరికినవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. దాని వెనుక యాక్సిల్ నిర్మాణం వల్ల కారు దించగానే చక్రాలు పైభాగం లోపలికి వాలిపోతాయి.

ఏ కారైనా సరే, దించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే టైరు లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లలోనే అరిగిపోతుంది. టై రాడ్ల కోణం మారడం వల్ల గుంత దాటినప్పుడు స్టీరింగ్ తనంతట తాను లాగుతుంది. హెడ్‌లైట్లు కూడా సరిచేయించాలి. వెనుక మాత్రమే దించితే లైటు నేరుగా ఎదుటి డ్రైవర్ కళ్లలో కొడుతుంది.

మన రోడ్ల మీద లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గుండ్రం 17 మీటర్ల వ్యాసార్ధంలో ఉండాలి. అంబాసిడర్ రెండు యాక్సిళ్ల మధ్య దూరం 2.46 మీటర్లు. లెక్క కడితే, ఇలా కట్టిన బ్రేకర్ మీద కారు నడుం భాగానికి కావాల్సింది నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీయే. అంటే రూల్ ప్రకారం కట్టిన బ్రేకర్ దించిన కారుకు కూడా సమస్య కాదు. సమస్య ఊరి మొదట్లో సన్నగా, నిటారుగా పోసిన సిమెంటు దిమ్మెలతోనే. 15 సెంటీమీటర్ల సన్న దిమ్మె రెండు యాక్సిళ్ల మధ్యకు వస్తే 15 సెంటీమీటర్లూ ఖాళీ ఉండాల్సిందే. అదీ ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండాక. అందుకే కొలత ఖాళీ కారుతో కాదు, నిండు కారుతో తీయాలి.

ఇక ఘాట్ రోడ్లు. అనంతపురం నుంచి గుంటూరు వెళ్లే ఎన్‌హెచ్ 544డి గాజులపల్లె, గిద్దలూరు మధ్య నల్లమలలోంచి మలుపులు తిరుగుతూ వస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం దారి పులుల అభయారణ్యంలోంచే. అక్కడ రోడ్డు మీద పడ్డ రాయి ఇంజిన్ కింది ఆయిల్ సంప్‌కు తగిలి పగిలిందంటే, ఆయిల్ కారిపోయి ఇంజిన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. దగ్గర్లో మెకానిక్ ఉండడు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. కుటుంబంతో శివరాత్రికి వెళ్లే కారు అయితే ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన సంగతే. సంప్ గార్డ్ బిగిస్తే రక్షణే, కానీ అది కూడా ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ తినేస్తుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

'ఆర్‌సీలో గ్రౌండ్ క్లియరెన్స్ రాయరు కదా, ఎవరు పట్టుకుంటారు' అనేది తరచూ వినిపించే మాట. ఇది పనికొచ్చే వాదన కాదు. ప్రైవేటు కారుకు 15 ఏళ్లు దాటాక ప్రతి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి, అప్పుడు బండిని తనిఖీ చేస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ కారు కిందికి వంగి చూస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ తిరస్కరించడానికి సాకు అవుతుంది.

50 ఏళ్లు దాటిన కార్లకు ఇంకో కోణం ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, ఒరిజినల్ రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని వాహనాలకు 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ కారును రోజువారీ తిప్పకూడదు. దించాక టైరు తగులుతోందని ఫెండర్ లోపలి అంచు కోయిస్తే, అది బాడీ షెల్‌ను ముట్టుకోవడమే. తర్వాత కావాలనుకున్నా ఆ నంబర్ చేజారే అవకాశం ఉంది. టార్షన్ బార్ పళ్లు వెనక్కి జరపొచ్చు, దిమ్మెలు తీసేయొచ్చు, కోసిన రేకు మాత్రం మళ్లీ అతకదు.

ఇవన్నీ చూసుకుని కూడా దించాల్సిందే అనుకుంటే, ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగడం, ఒక అంగుళం దాటకపోవడం, తీసిన ప్రతి భాగాన్ని పేరు రాసి దాచిపెట్టడం మంచిది. పాత అంబాసిడర్ కొనడానికి వచ్చేవాడు మొదట అడిగేది ఒరిజినల్ సామాను ఉందా అనే.