సౌర సైకిల్ దారి, హైదరాబాద్
హైదరాబాద్ పశ్చిమాన, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని సౌర ఫలకాల కప్పు కింద సాగే 23 కిలోమీటర్ల సైకిల్ దారి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) దీన్ని నిర్మించింది. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 అక్టోబరు 1న ప్రారంభం జరిగాయి. దక్షిణ కొరియాలోని ఇలాంటి దారి దీనికి నమూనా.

ఇందులో రెండు పాయలు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కి.మీ. వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. సైకిల్ తొక్కేవారికి నీడ, గ్రిడ్‌కు కరెంటు.

1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం తెరిచాక ఈ ప్రాంతానికి ఉద్యోగాలతో పాటు కార్లు, బైకులు, పెట్రోలు పొగ వచ్చాయి. బొగ్గు, చమురు మండితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ భూతాపానికి ప్రధాన కారణం. వీటికి ప్రత్యామ్నాయంగా మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి చేరింది. విద్యుత్ వాహనాలకు 2024 నవంబరులో రాష్ట్రం రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. అయితే తెలంగాణ కరెంటులో పెద్ద వాటా ఇప్పటికీ బొగ్గుదే. బండికి పొగ గొట్టం లేనంత మాత్రాన పొగ లేనట్టు కాదు, అది రామగుండం బొగ్గు విద్యుత్ కేంద్రం వైపు మళ్లిందంతే. ఆ లెక్కన ఈ దారిలో సైకిలు కన్నా కప్పుకే విలువ ఎక్కువ. రింగ్ రోడ్డు పక్కన ఉండటంతో దారి రోజువారీ రాకపోకల కంటే వ్యాయామానికే ఎక్కువ అనువుగా ఉంది.